ఏకసంథాగ్రాహి ఎవరి బిడ్డ? ఊరి బడిలో ప్రతిభ వెతుకులాట

జాతీయ విద్యా విధానం 2020 మీద మన శిబిరంలో చాలా చర్చే జరిగింది. ప్రైవేటీకరణ, కాషాయీకరణ, త్రిభాషా సూత్రం, రిజర్వేషన్ అన్న మాట ఆ పత్రంలో కనిపించకపోవడం, ఇలా అన్నీ మాట్లాడుకున్నాం. కానీ 4.43 నుంచి 4.46 వరకు ఉన్న నాలుగు పేరాలను దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అవి ‘ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల’ గురించినవి. ప్రతి పిల్లవాడిలో ఏదో ఒక సహజ ప్రతిభ ఉంటుందని, దాన్ని గుర్తించి పెంచాలని అవి చెబుతాయి. టీచర్ల శిక్షణలో ఇది భాగం కావాలి, బి.ఎడ్‌లో దీన్ని ప్రత్యేక అంశంగా చదివే వీలుండాలి, స్కూళ్లలో, స్కూల్ కాంప్లెక్సుల్లో, జిల్లాల్లో క్లబ్బులు పెట్టాలి, ఒలింపియాడ్లకు పిల్లల్ని పంపాలి అని రాశారు. ఆ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. ‘ప్రత్యేక ప్రతిభ’ అనే ముద్ర ఎవరి నుదుటి మీద పడుతుందో, ఆ ముద్ర వేసే చెయ్యి ఎవరిదో అడగడం మొదలుపెడితే మాత్రం ఈ నాలుగు పేరాలు మన పిల్లలకు రిజర్వేషన్ చర్చంత ముఖ్యమైనవని తెలుస్తుంది.

ముందు భాష సంగతి చూద్దాం. ఒక్కసారి చెబితే పట్టేసే పిల్లవాడిని తెలుగులో ‘ఏకసంథాగ్రాహి’ అంటాం. సంథ అంటే వేద పాఠం. గురువు ఒక్కసారి వల్లె వేయిస్తే కంఠస్థం చేసేవాడు ఏకసంథాగ్రాహి. అంటే తెలివికి మన భాషలో ఉన్న గొప్ప మాటే, మనకు వినే హక్కు కూడా లేని చదువు నుంచి పుట్టింది. ‘సరస్వతీ కటాక్షం’, ‘పూర్వజన్మ సుకృతం’ కూడా ఆ కోవలోవే. తెలివి పుట్టుకతో వస్తుందనీ, కొందరి ఇళ్లకే వస్తుందనీ ఈ మాటలన్నీ ముందే తేల్చేసి కూర్చున్నాయి. మన వాడల్లో చురుకైన పిల్లకు దక్కే మాట ‘గడుసుది’. అదే చురుకు ఊళ్లో ‘చాలా షార్ప్’ అవుతుంది. టీచర్లు ఏ పిల్లకు ఏ మాట వాడతారో ఒక్క రోజు వరండాలో నిలబడి వింటే చాలు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన దగ్గర ప్రతిభకు ప్రభుత్వం చేసిన ఏర్పాటంతా ఒకే పద్ధతిలో నడుస్తుంది. పరీక్ష పెట్టడం, పైనున్న కొద్దిమందిని ఏరడం, వాళ్లను ఊరి బడి నుంచి తీసి వేరే చోట పెట్టడం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం నుంచి 1986 విద్యా విధానం తెచ్చిన నవోదయల దాకా ఇదే దారి. నవోదయలను ‘దారి చూపే బడులు’ అన్నారు. అక్కడ పెరిగిన నాణ్యత, అనుభవం, సౌకర్యాలు చుట్టుపక్కల బడులకు పంచాలన్నది ఆ పథకం లక్ష్యాల్లోనే ఉంది. దాదాపు నలభై ఏళ్లు గడిచాయి. నవోదయ ల్యాబ్‌లో ఒక పూట ప్రయోగం చేసి వచ్చిన జిల్లా పరిషత్ బడి పిల్లలు మీ మండలంలో ఎంతమంది ఉన్నారో వాకబు చేసి చూడండి.

నవోదయ ప్రవేశ పరీక్షను దగ్గరగా చూడాలి. ఐదో తరగతి చదువుతున్న పిల్లలు, అంటే తొమ్మిది పదకొండేళ్ల మధ్య వాళ్లు, రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. వంద మార్కుల్లో సగం మానసిక సామర్థ్యానికి, మిగతా సగం లెక్కలకూ భాషకూ. తెలుగులో రాయవచ్చు, ఫీజు లేదు, ఇవి మంచివే. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా జనాభాను బట్టి, 15, 7.5 శాతాలకు తగ్గకుండా కోటా ఉంది. ఇదీ మంచిదే. కానీ ఒక బడికి ఏటా గరిష్ఠంగా 80 సీట్లు. జీవితంలో ఒక్కసారే రాసే వీలు. ఆ వారం పిల్లకు జ్వరం వచ్చినా, తల్లి మిరపకోతకు వలస వెళుతూ వెంట తీసుకుపోయినా అంతే సంగతులు. మానసిక సామర్థ్యం ప్రశ్నల్లో బొమ్మలుంటాయి, తిప్పిన బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, మిగిలిన ముక్క ఏది అని. ఇవి చదువుతో సంబంధం లేని శుద్ధమైన తెలివిని కొలుస్తాయని పేరు. అదే నిజమైతే మన పట్టణాల్లో నవోదయ, సైనిక్, గురుకుల కోచింగ్ బోర్డులు ఎందుకు వెలిశాయి? నాలుగో తరగతి అయిపోగానే పిల్లల్ని అక్కడ చేర్చి, ఆ బొమ్మల్నే ఏడాదంతా సాధన చేయించేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. సాధన చేస్తే ‘పుట్టుకతో వచ్చిన తెలివి’ పెరుగుతుంది. ఆ సాధనకు డబ్బు కావాలి.

జాతీయ ఉపకార వేతన పరీక్ష ఇంకో ఉదాహరణ. 2008లో మొదలైంది. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలు రాస్తారు. దేశమంతా కలిపి ఏటా లక్ష మందికి, మొదట నెలకు 500, 2017 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఈ పథకం ఊరి బడిలో ఉండి చదువుకునే పిల్లలదే, నవోదయ, రెసిడెన్షియల్ పిల్లలకు వర్తించదు. అందుకే ఇది మాకు ముఖ్యం. అర్హత మార్కులు అందరికీ 40 శాతమైతే ఎస్సీ ఎస్టీలకు 32. కానీ పరీక్ష పాసైన పిల్లకు బడిలో ఏం మారుతుంది? ఏమీ మారదు. నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో పడతాయి, అదీ ఆధార్‌లో పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో పేరు, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉంటే. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో అదే బల్ల మీద కూర్చుని, తనకు ఎప్పుడో వచ్చేసిన పాఠాన్నే మళ్లీ వింటుంది. ఈ దేశంలో ప్రతిభ పథకాలు ఉపకార వేతనం ఇస్తాయి, లేదా బడి మారుస్తాయి. ఉన్న బడిలో చదువు మార్చే పథకం మాత్రం లేదు.

పైస్థాయిలో పరిస్థితి మరీ ఘోరం. 1963 నుంచి ఏదో ఒక పేరుతో నడిచిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షను 2021 తర్వాత ఆపేశారు. 2019 అక్టోబరులో బెంగళూరు ఇస్రో కేంద్రం నుంచి ‘ధ్రువ్’ అనే ప్రధానమంత్రి కార్యక్రమం ఆర్భాటంగా మొదలైంది. ఎంపికైన పిల్లలు 60 మంది. ఇన్ని కోట్ల మంది బడి పిల్లలున్న దేశంలో అరవై మందికి వ్యోమగాములతో మాట్లాడే అవకాశం ఇస్తే అది విద్యా కార్యక్రమం ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

వెతికే పద్ధతిలోనే వివక్ష

ప్రతిభను కొలిచే శాస్త్రం ఎక్కడ పుట్టిందో చూస్తే కొన్ని అనుమానాలు తీరతాయి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తయారుచేసిన మొదటి పరీక్ష, బడిలో అదనపు సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. తెలివి మారని వస్తువని ఆయన అనుకోలేదు. అదే పరీక్ష అమెరికా చేరాక లూయిస్ టెర్మన్ చేతిలో తలకిందులైంది. సాయం కావలసిన వాళ్లను వెతకడం పోయి, పైనున్న వాళ్లను ఏరడం వచ్చింది. టెర్మన్ జాతుల మధ్య తెలివి తేడాలు పుట్టుకతోనే వస్తాయని నమ్మిన మనిషి, వంశశుద్ధి వాది. 1921లో కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది ‘మేధావి’ పిల్లల్ని ఎంచి జీవితాంతం వెంబడించాడు. మొదటి వడపోత టీచర్ల సిఫారసు. తమాషా ఏమిటంటే, ఆ పరీక్షలో తగినన్ని మార్కులు రాక బయటే ఉండిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్నారు. ఎంపికైన వాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఇంకో తమాషా, ఆ షాక్లీ ముసలితనంలో నల్లజాతి వాళ్లకు తెలివి తక్కువని ఊరూరా ప్రచారం చేశాడు. జల్లెడ తననే పారేసినా జల్లెడ మీద నమ్మకం పోలేదన్నమాట.

అమెరికా ఊసు ఎందుకంటే, అక్కడ సాధారణ బడుల్లోనే ప్రతిభా విద్య దశాబ్దాలుగా నడుస్తోంది, దాని మంచిచెడ్డలు లెక్కలతో సహా బయటపడ్డాయి. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ కథ మన వాళ్లందరూ చదవాలి. అక్కడ ఐక్యూ 130 దాటితే ప్రతిభావంతుల జాబితాలోకి వెళతారు. పేద పిల్లలకు, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ఆ గీత 116. అంటే మన కటాఫ్ సడలింపు లాంటిదే. అయినా జాబితా నిండా తెల్ల పిల్లలే. ఎందుకంటే పరీక్షకు పంపాలంటే టీచరో తల్లిదండ్రులో సిఫారసు చేయాలి. 2005లో ఆ జిల్లా ఒక చిన్న మార్పు చేసింది, రెండో తరగతి పిల్లలందరికీ, ఎవరి సిఫారసుతో పని లేకుండా, మాటలు అవసరం లేని ఒక ప్రాథమిక పరీక్ష పెట్టింది. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, జాబితాలో చేరిన నల్లజాతి పిల్లల రేటు 80 శాతం, హిస్పానిక్ పిల్లల రేటు 130 శాతం పెరిగింది. ప్రమాణం ఎక్కడా తగ్గించలేదు. పిల్లలు ముందు నుంచీ అక్కడే ఉన్నారు, చూసేవాళ్లే లేరు. ఆర్థిక మాంద్యం తర్వాత నిధులు కోసి ఆ పరీక్ష ఆపేయగానే పాత పరిస్థితి తిరిగి వచ్చింది.

రిజర్వేషన్ కోసం కొట్లాడిన మనం దీని నుంచి నేర్చుకోవలసింది ఉంది. గీత సడలించడం ఒక్కటే సరిపోదు. గీత దగ్గరికి పిల్లను ఎవరు తీసుకొస్తారన్నది వేరే పోరాటం.

సిఫారసు ఎందుకు నమ్మదగింది కాదో మన దేశంలోనే రుజువులున్నాయి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిల్స్ ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. పజిల్ మొదలయ్యే ముందు అందరి ఎదుట పేరు, తండ్రి పేరుతోపాటు కులం కూడా చదివితే దళిత పిల్లల ఫలితం పడిపోయింది. అదే పిల్లలు, అదే పజిల్. హాజరు పట్టీ తీసి ‘ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్లు చేతులెత్తండి’ అని తరగతి మధ్యలో పిలిచే అలవాటు మన బడుల్లో ఎంత మామూలో మీకు తెలుసు. ఆ మరుసటి పీరియడ్‌లో ఆ పిల్లలు రాసే పరీక్షను మనం ప్రతిభ కొలత అంటున్నాం.

రెమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన ఇంకో అధ్యయనం ఉంది. జవాబు పత్రాల మీద పిల్లల కులం, వయసు వంటి వివరాలను లాటరీ పద్ధతిలో రాసి టీచర్ల చేత దిద్దించారు. నిమ్నకులమని రాసి ఉన్న పత్రాలకు కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. ఇక్కడ మనకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఆ తేడా ప్రధానంగా నిమ్నకులాల టీచర్లు దిద్దిన పత్రాల్లోనే కనిపించింది. మన టీచరు ఉంటే చాలు, అంతా సర్దుకుంటుంది అనుకోవడానికి వీల్లేదు. అమెరికాలో గ్రిస్సమ్, రెడ్డింగ్ చేసిన పరిశోధనలో నల్లజాతి టీచరు దగ్గర చదివిన నల్లజాతి పిల్లలకు ఎంపిక అవకాశం బాగా పెరిగిందని తేలింది, కాబట్టి ప్రాతినిధ్యానికి విలువ లేదని మేం అనడం లేదు. దళిత టీచర్ల నియామకం కావాలి, దానితోపాటే ఏ టీచరు ఇష్టాయిష్టాల మీదా ఆధారపడని పద్ధతీ కావాలి.

గురుకులం తీసుకుపోయింది, ఊరి బడికి ఏం మిగిలింది?

ఇక్కడ మనలో మనకే ఒక వాదన ఉంది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం రాసి లాభం లేదు. ప్రతిభా విద్యను సాధారణ బడుల్లో కలపాలి అనే మాట వినసొంపుగానే ఉంటుంది. కానీ దళిత బిడ్డకు ‘సాధారణ బడి’ ఎప్పుడూ సాధారణం కాదు. అంబేద్కర్ సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నాడు, ప్యూన్ కుళాయి తిప్పితే తప్ప నీళ్లు తాగడానికి లేదు. ఆ బడి ఆయన ప్రతిభను పెంచలేదు, ఆయన ఆ బడిని తట్టుకున్నాడు. 1913లో కొలంబియాకు పంపింది బరోడా సంస్థాన ఉపకార వేతనం. మన తల్లిదండ్రులు సాంఘిక సంక్షేమ గురుకులాలను ఎందుకు గుండెలకు హత్తుకున్నారో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. మూడు పూటలా తిండి, రాత్రి చదువుకోవడానికి కరెంటు దీపం, కులం పేరుతో పిలవని టీచరు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు, ఆ తర్వాత తెలంగాణలో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కాలంలో జరిగిన విస్తరణ, ఇవి మన ఇళ్లలో మొదటి ఇంజనీర్లను, మొదటి డాక్టర్లను తయారుచేశాయి. గురుకులాలు ఎత్తేసి అందరినీ ఊరి బడికి పంపాలని ఎవరైనా ‘సమ్మిళిత విద్య’ పేరుతో అంటే మేం ఒప్పుకోం.

కానీ గురుకులం లోపల కూడా జల్లెడ మీద జల్లెడ పెరిగింది. ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష. అక్కడి నుంచి గౌలిదొడ్డి, అలుగునూరు వంటి చోట్లకు మళ్లీ పరీక్ష. ఇంటర్‌కు ప్రతిభా కేంద్రాల కోసం ఇంకో పరీక్ష. ఐఐటీ, నీట్ ర్యాంకుల ఫ్లెక్సీలు ఈ చివరి అంచెలోని పిల్లలవి. ఆ ఫ్లెక్సీ చూసి మేమూ గర్వపడతాం, అది అబద్ధం కాదు. అయితే కార్పొరేట్ కాలేజీలు పిల్లల్ని మార్కుల వారీగా బ్యాచులు చేసి, పై బ్యాచుకు మంచి లెక్చరర్లను, కింది బ్యాచుకు మిగిలిన వాళ్లను ఇచ్చే పద్ధతికీ దీనికీ పోలిక రోజురోజుకూ పెరుగుతోంది. కింది అంచెలో ఉన్నవాళ్లూ మన పిల్లలే.

ఎవరు మన పిల్లలు అన్న ప్రశ్న కూడా ఇప్పుడు తెరిచి అడగాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం వచ్చాక 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులయ్యాయి. మొదటి గ్రూపులో 15 కులాలు, ఒక శాతం. ఈ పదిహేను కులాల పిల్లలు ఐదో తరగతి ప్రవేశ పరీక్ష హాలు దాకా ఎంతమంది వస్తున్నారు? సంచార జీవనంలో ఉన్న కుటుంబంలో తొమ్మిదేళ్ల పిల్లకు ‘ఈ జిల్లాలోనే ఐదో తరగతి చదువుతోంది’ అనే ధ్రువపత్రమే పెద్ద పరీక్ష. ఒకసారి పరీక్ష పెట్టి ఏరే పద్ధతి, వెనుకబడినవారిలో అంతో ఇంతో ముందున్నవారినే ఏరుతుంది. ఇది వర్గీకరణను వ్యతిరేకించే వాదన కాదు, దాన్ని బడి గడప దాకా తీసుకెళ్లమనే వాదన.

ఇక ఊరి బడి. చురుకైన పిల్లలు గురుకులానికి, నవోదయకు, కాస్త ఉన్నవాళ్ల పిల్లలు బస్సెక్కి టౌన్ ప్రైవేటు బడికి పోయాక, మిగిలేది వాడ పిల్లలు. అందులోనూ ఆడపిల్లలు ఎక్కువ. విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. తెలంగాణలో ఆ నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు, ఆంధ్రప్రదేశ్ కూడా చాలా ఆలస్యంగా మొదలుపెట్టింది. ఆంధ్రలో 2022లో జీవో 117 పేరిట 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలిస్తే వాడ దగ్గరి ప్రాథమిక బడులు రెండు తరగతులకు కుంచించుకుపోయాయి. ఇలాంటి బడిలో తెలంగాణలో ‘తొలిమెట్టు’ లాంటి కార్యక్రమం నడుస్తోంది. చదవడం, రాయడం, లెక్క చేయడం రాని పిల్లలకు అవి నేర్పడం దాని పని. అవసరమైన పనే, మేం కాదనం. కానీ ఐదు తరగతులకు ఒకరో ఇద్దరో టీచర్లున్న చోట, రెండో తరగతిలోనే కథల పుస్తకం గడగడా చదివే పిల్ల రోజంతా ఏం చేస్తుంది? లీడర్ అవుతుంది. చిన్న తరగతి వాళ్లకు ఎక్కాలు చెప్పిస్తుంది, టీచరు మీటింగుకు వెళితే అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తుంది. ఆ పిల్ల ఎదుగుదల గురించి ఆ బడిలో ఎవరికీ ఏ బాధ్యతా లేదు, ఎందుకంటే కొలిచేది కనీస స్థాయిని మాత్రమే. దళిత బిడ్డల చదువు అనగానే ప్రభుత్వాల ఊహ కనీసం దగ్గర ఆగిపోతుంది. కార్పొరేట్ బడిలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వాడ బడిలో పదో తరగతి దాకా ఫౌండేషన్ లెర్నింగే.

అవకాశం ముందు, ముద్ర తర్వాత

అమెరికన్ విద్యావేత్త జోసెఫ్ రెంజూలీ 1978లో ఒక మాట అన్నాడు. ప్రతిభ అంటే ఐక్యూ కాదు, సగటు కంటే కాస్త మించిన సామర్థ్యం, పట్టుకున్న పనిని వదలని నిబద్ధత, సృజనాత్మకత ఈ మూడూ కలిసిన చోట పుట్టే ప్రవర్తన అని. కాబట్టి ముందే పిల్లల్ని ఏరకుండా, బడిలోని పిల్లలందరికీ కొత్త అనుభవాలు రుచి చూపించాలి, ఎవరికి ఏది పట్టుకుంటే వాళ్లను అందులో లోతుకు తీసుకెళ్లాలి అని ఆయన బడి మొత్తానికి వర్తించే నమూనా తయారుచేశాడు. పుస్తకం మాట పక్కన పెట్టండి, దీనికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పుడు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ దళిత బిడ్డ. ఇద్దరూ సంక్షేమ గురుకుల విద్యార్థులు. వాళ్లలో పర్వతారోహణ ప్రతిభ ఉందని ఏ ప్రవేశ పరీక్ష కనిపెట్టింది? ఏదీ కాదు. మొదట గురుకుల పిల్లలను భువనగిరి గుట్ట మీదికి తీసుకెళ్లి తాడు చేతికిచ్చారు. తర్వాత ఎవరు నిలబడ్డారో చూశారు. కొండ చూపించకుండా ఎక్కేవాళ్లను వెతకలేం.

దీన్ని ఊరి బడిలో లెక్కలకు, సైన్సుకు, బొమ్మలకు, కథలకు, సంగీతానికి వర్తింపజేయడమే మేం అడుగుతున్నది. సంగీతం అన్నాం కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. డప్పు దరువుల్లో ఉన్న లెక్క, ఆ చేతి వేగం గొప్ప ప్రతిభే, ఏ పరీక్షా దాన్ని కొలవదు. కానీ డప్పు కొట్టే పిల్లవాడి ప్రతిభ డప్పే అని తేల్చేసి, లెక్కల ఒలింపియాడ్‌కు ఇంకొకరిని పంపడం పాత కుట్రకు కొత్త పేరు. 1953లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో సగం పూట బడి, మిగతా సగం తండ్రి వృత్తి అన్నాడు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్, ఇతరులు ‘కుల విద్య’ అని నిలదీస్తే 1954లో ఆ పథకం పోయింది. విద్యా విధానం 2020లో వృత్తి విద్య, సహజ ప్రతిభ అనే మాటలు పక్కపక్కన కనిపించినప్పుడల్లా మనకు ఆ సంవత్సరం గుర్తుండాలి.

నిర్దిష్టంగా ఏం కావాలి? మొదటిది, ప్రతి బడిలో, బడి వేళల్లో, అందరు పిల్లలకూ, తెలుగులోనూ ఆదివాసీ ప్రాంతాల్లో వాళ్ల భాషలోనూ ఒక సాదా పరిశీలన. ఒకే ఏడు కాదు, మూడు, ఐదు, ఏడు తరగతుల్లో మళ్లీ మళ్లీ. ఈ ఏడాది వెనక ఉన్న పిల్ల వచ్చే ఏడాది ముందుకు రావచ్చు, తలుపు మూసెయ్యకూడదు. ఆ ఫలితం మీద ఎవరికీ బిరుదు ఇవ్వకూడదు, వేరే సెక్షన్ పెట్టకూడదు. వేరే సెక్షన్ విషయంలో ఒక నిజాయితీ అవసరం. కార్డ్, జూలియానోలే చేసిన ఇంకో అధ్యయనంలో ముందున్న పిల్లలకు ప్రత్యేక తరగతి పెడితే నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు బాగా లాభపడ్డారని, మిగతా పిల్లలకు నష్టం కనబడలేదని తేలింది. ఆ ఫలితాన్ని మేం తోసిపుచ్చడం లేదు. కానీ అక్కడ మిగిలిన తరగతికీ టీచరు, పుస్తకాలు, గది ఉన్నాయి. మన ఎంపీపీ బడిలో వేరు చేయడానికి రెండో గదే లేదు, ఉన్నచోట వేరు చేయడం ఎప్పుడూ ఏ గీత మీదుగా జరిగిందో మనకు చరిత్ర ఉంది. వారంలో కొన్ని గంటలు, ఆసక్తిని బట్టి మారే చిన్న గుంపులు చాలు.

రెండోది మనిషి. ఊరి బడి టీచరు మీద ఈ భారం కూడా వేస్తే అది రిజిస్టర్‌లో మాత్రమే జరుగుతుంది. వైకల్యం ఉన్న పిల్లల కోసం మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి, అక్కడి రిసోర్స్ టీచర్లు పిల్లల దగ్గరికి వెళ్లి చెబుతారు. అదే తరహాలో స్కూల్ కాంప్లెక్సుకు ఒక రిసోర్స్ టీచరు, ఒక పెట్టె పుస్తకాలు, ఒక పెట్టె ప్రయోగ సామగ్రి తిరగాలి. వైకల్యం ఉండి, అదే సమయంలో ఒక విషయంలో అసాధారణంగా ముందున్న పిల్లలూ ఉంటారు, వాళ్లను ఇప్పుడు ఏ పెట్టెలోనూ వేయడం లేదు. భవిత టీచర్ల లాగే వీళ్లనూ కాంట్రాక్టు మీద వేసి, పని పెంచి, జీతం ఆపుతారనే భయం మాకు ఉంది. ఆ భయం వల్ల డిమాండ్ మానుకోలేం, రెగ్యులర్ పోస్టు అన్న మాటను డిమాండ్‌లోనే రాయాలి.

మూడోది డబ్బు. ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు అడిగింది ఇదే, రైతుల, శ్రామికుల పన్నులతో వచ్చిన సొమ్ము పైకులాల ఉన్నత చదువులకు పోతోంది, అట్టడుగు పిల్లల ప్రాథమిక చదువుకు రావడం లేదు అని. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి, రెండింటిలోనూ ఎస్సీ పిల్లల చదువుకు నిధి చూపించవచ్చు. ఆ నిధి హాస్టల్ బకాయిలు, ప్రైవేటు బడుల బకాయిలు తీర్చడానికే సరిపోవడం లేదన్నది అధికారుల జవాబు. ఇప్పటికి అది నిజం కూడా కావచ్చు. అయితే వాడ బడిలో పది మంది పిల్లలకు టెలిస్కోపు చూపించడానికి అయ్యే ఖర్చు, ఒక ర్యాంకర్ల అభినందన సభకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ కాదు.

2022 జనవరిలో నీట్ ఓబీసీ కోటా కేసులో సుప్రీంకోర్టు, పోటీ పరీక్షలో వచ్చిన మార్కులే మెరిట్ కాదని, ఆ మార్కుల వెనక కుటుంబానికున్న సామాజిక, సాంస్కృతిక, ఆర్థిక పెట్టుబడి పనిచేస్తుందని చెప్పింది. ఆ తర్కం మెడికల్ పీజీ సీట్ల దగ్గర ఆగకూడదు. ఐదో తరగతి పిల్ల రాసే 80 ప్రశ్నల కాగితానికి కూడా వర్తించాలి.

విద్యార్థి సంఘాల మిత్రులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ జిల్లా నవోదయలో గత ఐదేళ్లలో ఆరో తరగతిలో చేరిన ఎస్సీ పిల్లలు ఏ ఏ ఉపకులాల వాళ్లు, ఏ ఏ బడుల నుంచి వచ్చారు, మీ మండలంలో ఉపకార వేతన పరీక్షకు ఏ బడి ఎంతమందిని పంపింది, ఎంతమందికి డబ్బు పడింది, ఒక్క పిల్లను కూడా పంపని బడులు ఏవి, వాటిలో వాడ బడులు ఎన్ని అని సమాచార హక్కు కింద అడగండి. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. రెండు రాష్ట్రాల నిబంధనల్లో మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము ఐదు రూపాయలు, ఆ పైన పది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.